అకార్డియన్ వాయించడంలో ఎవరు మేలు: జిమ్మీ షాండా, విల్ స్టారా?

ఇద్దరూ స్కాట్లండ్ బొగ్గుగనుల నుంచి వచ్చినవాళ్లే. ఇద్దరి వాద్యమూ మూడు వరుసల బటన్ అకార్డియనే, అంటే చేతులతో తిత్తిని సాగదీస్తూ, నొక్కుతూ బటన్లతో వాయించే పెట్టె. తిత్తిని నొక్కితే ఒక స్వరం, అదే బటన్ మీద లాగితే ఇంకో స్వరం. మన హార్మోనియంకి ఈ తిరకాసు లేదు.

ఫైఫ్‌లో 1908లో పుట్టిన షాండ్ 1926 సమ్మె తర్వాత గనికి దూరమై, డండీలో సంగీత వాద్యాల షాపులో చేరారు. స్టేజీ మీద ముఖంలో నవ్వు కనిపించదు, లయ మాత్రం వెంట్రుకవాసి కూడా జారదు. డాన్సర్లకు కావలసింది అదేగా! ఆయన వాయించిన ‘బ్లూబెల్ పోల్కా’ అనే డాన్సు బాణీ 1955లో బ్రిటన్ హిట్ల జాబితాకెక్కింది. సర్ బిరుదు మాత్రం తొంభై దాటాకే, 1999లో.

క్రాయ్ ఊరి విల్ స్టార్ వేరే రకం: ముఖం నిండా నవ్వు, మెరుపు వేళ్లు, వెరైటీ షోల హడావుడి. కూర్చుని వినడానికి ఆయనే. రీల్ అనే స్కాటిష్ డాన్సు ఆడాలంటే నా ఓటు షాండ్‌కే.