పెళ్లికి ఆర్చ్, తర్వాత జాజిపందిరి అంటూ "టేకు" పేరుతో అమ్మేవాళ్లతో జాగ్రత్త

పెళ్లిళ్ల సీజన్ మళ్లీ వస్తోంది కాబట్టి ఇది రాస్తున్నాను. "పెళ్లిరోజు చెక్క ఆర్చ్, తర్వాత అదే మీ పెరట్లో తీగలకు పందిరి" అని ఫొటోలు పంపి ఆర్డర్లు తీసుకునేవాళ్లు హైదరాబాద్‌లో ఈమధ్య చాలామంది కనిపిస్తున్నారు. వాళ్లందరూ మోసగాళ్లని అనను. మేము మాత్రం 68 వేలు పోసి మోసపోయాం.

మా అమ్మాయి పెళ్లి ఫాల్గుణంలో, సైనిక్‌పురిలోని మా ఇంటి ఆవరణలోనే చేశాం. ఒక్కరోజు పూల డెకరేషన్ మీద డబ్బు పోసి, మర్నాడు దాన్ని చెత్తబండికి ఎక్కించడం మావారికి ఇష్టం లేదు. నాకేమో సన్నజాజి పాకించుకోవడానికి ఒక పందిరి కావాలని ఎన్నేళ్లుగానో కోరిక. మా అమ్మమ్మగారి ఊళ్లో పెళ్లిపందిరి రాటలే తర్వాత బీరపాదుకో, పొట్లపాదుకో పనికొచ్చేవి. ఆ లెక్కలో ఈ ఆర్చ్ ఆలోచన మాకు భలే నచ్చింది.

అమ్మినతను మాటకారి. "బలార్షా టేకు మేడమ్, నాలుగు బై నాలుగు స్తంభాలు, మీ మనవల పెళ్లికి కూడా వాడుకోవచ్చు" అన్నాడు. బలార్షా అంటే మంచి టేకుకు పేరున్న మహారాష్ట్ర ఊరు. అడ్వాన్సు 34 వేలు ఇచ్చాం. వర్క్‌షాపుకు వచ్చి చూస్తామంటే "పాలిష్ అయ్యాక రండి మేడమ్, అప్పుడే అందం తెలుస్తుంది" అన్నాడు. మా మొదటి తప్పు అదే. పాలిష్ వేశాక వేపకర్రయినా, ప్యాకింగ్ పెట్టెల పైన్ అయినా మన కళ్లకు టేకులాగే కనిపిస్తుంది.

పెళ్లి ముందురోజు రాత్రి పదిన్నరకు ట్రాలీ ఆటోలో సరుకు దిగింది. పాలిష్ ఇంకా చేతికి అంటుకుంటోంది. పొద్దుటికి ఆరిపోతుందన్నారు. ఆరలేదు. గౌరీపూజకు వెళ్తూ అమ్మాయి స్తంభాన్ని ఆనుకుంది, పట్టుచీర అంచు మీద జానెడు గోధుమరంగు మరక పడింది. రెండుసార్లు డ్రైక్లీనింగ్‌కు ఇచ్చినా పోలేదు. పెళ్లి హడావిడిలో ఆ టెన్షన్ ఎవరితోనూ చెప్పుకోలేదు. మిగతా డబ్బు కూడా ఆ రాత్రే ఇచ్చేశాం, రేపు పెళ్లి పెట్టుకుని బేరాలేమిటని.

పెళ్లయిన వారానికి ఇద్దరు కుర్రాళ్లు వచ్చి ఆర్చ్‌ను పెరట్లోకి మార్చారు. నాలుగు గుంతలు తవ్వి, స్తంభాలు దించి, మట్టి కూరి వెళ్లిపోయారు. మొత్తం అరగంట పని. సన్నజాజి తెచ్చి నాటాను. ఎండాకాలమంతా బాగానే ఉంది, నేను ఫొటోలు తీసి బంధువులకు పంపాను కూడా.

జూన్‌లో వానలు మొదలయ్యాయి. ముందు పాలిష్ మీద తెల్లమచ్చలు వచ్చాయి, తర్వాత పొరలు పొరలుగా లేచింది. జులైలో పై దూలానికీ స్తంభానికీ మధ్య వేలు దూరేంత సందు. శ్రావణంలో ఒక రాత్రి గాలివానకు మొత్తం పక్కకు ఒరిగి ప్రహరీగోడను ఆనుకుంది. ముందురోజు సాయంత్రమే పక్కింటి పిల్లలు ఆ దూలం పట్టుకుని ఊగుతుంటే కేకలేశాను. అది గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మా ఇంటి తలుపులు చేసిన పాత మేస్త్రీని పిలిపించాం. ఆయన స్తంభం మొదట్లో ఉలి పెట్టి కొంచెం గీకగానే రంగు పోయి లోపల పాలిపోయిన తెల్లటి చెక్క బయటపడింది. కోసి వాసన చూపించాడు. టేకు కోస్తే తోలు వాసనలా ఒక ఘాటు ఉంటుంది, రంపపు పొట్టు చేతికి కాస్త జిడ్డుగా తగులుతుంది. ఇందులో ఆ రెండూ లేవు. "ఇది టేకు కాదమ్మా. ఒకవేళ టేకే అయినా చేవ ఉన్న కర్ర కావాలి. అంచున ఉండే తెల్లచెక్కకు చెదలు ఎలాగూ పడతాయి" అన్నాడు. చెట్టు నడిమి భాగంలో ముదిరిన చేవకే చెదలను తట్టుకునే గుణం ఉంటుందట. నాకు అప్పటిదాకా తెలియదు.

తర్వాత టేపు పెట్టాడు. నాలుగు బై నాలుగు అన్న స్తంభం మూడు బై మూడే. చిత్రిక పట్టేటప్పుడు కొంచెం పోవడం మామూలేగానీ, అంగుళం పోదు. ఎనిమిది అడుగుల స్తంభం నాలుగు అంగుళాల మందంలో దాదాపు 0.89 ఘనపుటడుగులు వస్తుంది. మూడు అంగుళాలైతే సరిగ్గా 0.5. అంటే "ఒక్క అంగుళమే కదా" అనుకునే చోట కర్ర 44 శాతం తగ్గిపోయింది. టింబర్ డిపోల్లో లెక్క ఘనపుటడుగుల్లోనే కాబట్టి, మీరు కూడా ఈ గుణకారం చేసి చూసుకోండి: రెండు వైపుల అంగుళాలు, పొడవు అడుగుల్లో, మూడింటినీ గుణించి 144తో భాగించాలి.

అతుకులు చూశాక మేస్త్రీకి నిజంగా కోపం వచ్చింది. ఒక కర్రకు బెజ్జం తొలిచి రెండోదాని కొస అందులో దూర్చాల్సిన చోట, ఊరికే ఆనించి బంక పూసి మేకులు కొట్టారు. సందుల్లో లప్పం నింపారు. కర్ర వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది, మేకు మాత్రం అలాగే ఉంటుంది. రెండు వానలకు మేకు పట్టు వదులవుతుంది. పైగా పెళ్లికొకసారి నిలబెట్టి, విప్పి, మళ్లీ పెరట్లో బిగించాల్సిన వస్తువు ఇది. దీనికి ఇటునుంచి అటు దూరే బోల్టులు, వాషర్లు ఉండాలి. అవీ తుప్పు పట్టనివి.

అసలు దెబ్బ కింద తగిలింది. స్తంభాలను నేరుగా మట్టిలో పాతడంతో కర్ర కొస తడిని పైకి పీల్చింది. తడీ గాలీ రెండూ ఆడే నేలమట్టం దగ్గరే కుళ్లు మొదలవుతుంది. మా నాలుగింటిలో రెండు స్తంభాలు అక్కడే మెత్తబడ్డాయి, మూడోదానికి చెదలు మట్టి దారులు కట్టాయి. మట్టిలో కాకుండా కాంక్రీటులో పాతినా నీళ్లు నిలిచి అదే జరుగుతుందట. చిన్న కాంక్రీటు దిమ్మె పోసి, అందులో స్తంభం అడుగును పట్టి ఉంచే ఇనుప బూటు బిగించి, కర్ర నేలకు రెండు మూడు అంగుళాల ఎత్తులో నిలబడేలా చేయాలన్నాడు. తడిసిన తీగ బరువు తక్కువేం కాదు. జాజి సరే, కాగితంపూల చెట్టు ఎక్కించేవాళ్లు ఇంకా గట్టిగా ఆలోచించాలి.

అమ్మినతనికి ఫోన్ చేస్తే వచ్చిన జవాబు వినండి: "మేడమ్, మేం టేక్ ఫినిష్ అన్నాం, టేక్ అనలేదు." బిల్లు తీసి చూస్తే "వుడెన్ ఆర్చ్ – 1" అని మాత్రమే ఉంది. ఏ కర్ర, ఎంత కొలత, ఎన్ని ఘనపుటడుగులు, ఏదీ లేదు. అదృష్టంకొద్దీ అతను బలార్షా టేకు అని చెప్పిన వాయిస్ మెసేజ్ నా వాట్సాప్‌లో ఉంది. మీరు మాత్రం అదృష్టాన్ని నమ్ముకోకుండా కర్ర పేరు, కొలతలు బిల్లు మీద రాయించుకోండి. పాలిష్ వేయకముందు మీ వడ్రంగిని వెంటబెట్టుకుని వెళ్లి చూడండి. ఒప్పుకోకపోతే అక్కడినుంచి వచ్చేయండి. వీలైతే బోయిగూడ వైపు టింబర్ డిపోల్లో కర్ర మీరే చూసి కొని, కూలికి చేయించుకోండి. సగం డబ్బు ఆర్చ్ పెరట్లో బిగించాకే ఇవ్వండి.

నన్నడిగితే ఈ రెండు పనులూ ఒకే వస్తువుతో కావాలనే పట్టుదలే అక్కర్లేదు. పెళ్లికి అద్దెకు తెచ్చి, పెరట్లో జీఐ పైపులతో పందిరి వేసుకున్నా తీగకు తేడా తెలియదు. మావారు ఇంకా ఒప్పుకోవడం లేదనుకోండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాం. అమ్మినతను పలకలేదు. ఇప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కాగితాలు సిద్ధం చేస్తున్నాం. 5 లక్షల లోపు కొన్నదానికి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, మనం ఉండే చోటే వేయొచ్చు, రెండేళ్లలోపు వేయాలి. చీర ఫొటో కూడా జతచేస్తున్నాను. డబ్బు వెనక్కి వచ్చినా రాకపోయినా ఇక్కడే చెబుతాను.