కపుల్స్ థెరపీ: రెండున్నరేళ్ళు, 38 సెషన్ల తర్వాత

ముందే చెప్పేస్తాను, మా గొడవలు తీరిపోలేదు. ఏ విషయాల మీద పోట్లాడుకుని థెరపిస్ట్ దగ్గరికి వెళ్ళామో, ఇప్పటికీ వాటి మీదే పోట్లాడుకుంటున్నాం. నేను చెప్పకుండా ఆలస్యంగా ఇంటికి రావడం ఒకటి, మా ఆవిడ మాట్లాడుతుంటే ఫోన్ చూసుకోవడం ఇంకోటి. కాకపోతే ఇదివరకు ఒక గొడవయ్యాక మళ్ళీ మామూలుగా మాట్లాడుకోవడానికి నాలుగైదు రోజులు పట్టేది. ఇప్పుడు చాలావరకు ఆ రాత్రి పడుకునేలోపే మాటలు కలుస్తున్నాయి. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఒకే ఇంట్లో మాటల్లేకుండా గడిపిన రోజులు తలుచుకుంటే, నాకిది చిన్న విషయం కాదు.

మొదట వెళ్ళిన చోట కుదరలేదు. ఆయన ఇద్దరి వాదనా విని ఎవరిది తప్పో తేల్చేవారు. నా వైపు మాట్లాడిన రోజు నేను గెలిచినట్టు, తను కుమిలిపోతూ ఇంటికొచ్చేవాళ్ళం. నాలుగు సెషన్లకే మానేశాం. అందుకే ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే: దంపతులతో పనిచేయడానికి ప్రత్యేకంగా శిక్షణ తీసుకున్నారా అని మొదటి ఫోన్‌లోనే అడగండి. ఒక్కరితో బాగా మాట్లాడగలిగినవాళ్ళు కూడా ఎదురుగా ఇద్దరు అరుచుకుంటుంటే ఆపలేకపోవచ్చు.

రెండో థెరపిస్ట్ మొదటిసారి ఇద్దర్నీ కలిపి, తర్వాత ఒక్కొక్కరిని విడిగా, ఆపైన మళ్ళీ కలిపి కూర్చోబెట్టారు. మా గొడవ ఎలా నడుస్తుందో అడుగుతూ కాగితం మీద ఒక గుండ్రం గీశారు. తను గట్టిగా అడుగుతుంది, నేను నోరు మూసుకుంటాను. నేను మాట్లాడనికొద్దీ తను ఇంకా గట్టిగా అడుగుతుంది, నేను లేచి వెళ్ళిపోతాను. "ఇందులో మొదలు ఎక్కడో చుక్క పెట్టండి" అని పెన్ను ఇచ్చారు. ఇద్దరం చెరో చోట పెట్టాం. ఆ కాగితం ఇప్పటికీ మా బీరువాలో ఉంది.

1980లలో స్యూ జాన్సన్, లెస్లీ గ్రీన్‌బర్గ్ అనే మానసిక శాస్త్రవేత్తలు రూపొందించిన ఎమోషనల్లీ ఫోకస్డ్ థెరపీ మా రెండో థెరపిస్ట్ పద్ధతి. పైకి కనిపించే కోపం కింద ఏ భయం ఉందో తవ్వి చూడటం ఆ పద్ధతిలో ముఖ్యం. తన అరుపు కింద ఉన్నది "నేను ఈయనకి అక్కర్లేదేమో" అన్న భయం. నా మౌనం కింద "నేనేం చేసినా తప్పే" అన్నది ఉంది. రాస్తే రెండు వాక్యాలు. మా నోటివెంట రావడానికి ఆరు నెలలు పట్టింది.

తొమ్మిదో సెషన్ మాత్రం మర్చిపోలేను. తను మాట్లాడుతోంది, నేను బొమ్మలా కూర్చున్నాను. థెరపిస్ట్ ఆపి, నన్ను నాడి లెక్కపెట్టుకోమన్నారు. నిమిషానికి 112. కుర్చీలోంచి లేవనే లేదు నేను. మా ఆవిడ నమ్మక, నా మణికట్టు పట్టుకుని తనే మళ్ళీ లెక్కపెట్టింది. "నీకసలు ఏమీ పట్టదనుకున్నాను" అంది. చెయ్యి మాత్రం చాలాసేపు వదల్లేదు.

దంపతుల మాటల్నీ గుండె వేగాన్నీ కలిపి రికార్డు చేసి పరిశీలించిన జాన్ గాట్‌మన్ చెప్పింది ఆరోజు మాకు వివరించారు. గుండె వేగం 100 దాటితే ఎదుటి మనిషి మాట సరిగా తలకెక్కదట. శరీరం కుదుటపడటానికి కనీసం 20 నిమిషాలు కావాలట. అప్పట్నుంచి ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. ఎవరైనా లేచి వెళ్ళొచ్చు, కానీ ఎప్పుడొస్తారో చెప్పి వెళ్ళాలి, చెప్పిన టైముకి రావాలి. వెళ్ళిపోవడం కంటే ఎప్పుడొస్తానో తెలియకపోవడమే తనని ఎక్కువ బాధపెట్టిందని నాకు అంతవరకూ తెలియదు.

దంపతుల మధ్య తగాదాల్లో దాదాపు 69 శాతం ఎప్పటికీ పూర్తిగా తేలనివేనని కూడా గాట్‌మన్ పరిశోధనే చెబుతోంది. అది విన్నాక ఊరట కలిగింది. మేమొక్కళ్ళమే ఇలా ఉన్నాం అనుకునేవాళ్ళం.

ఇబ్బందులూ ఉన్నాయి. మొదలుపెట్టాక రెండో, మూడో నెలల్లో పరిస్థితి ఇంకా చెడింది. మానుతున్న పుండు రేగినట్టు పాత విషయాలన్నీ బయటపడేవి. సరిగ్గా అప్పుడే గంట అయిపోయేది, దారంతా ఎడమొహం పెడమొహమే. ఆన్‌లైన్ సెషన్లు మాకు సగమే పనిచేశాయి. పక్కపక్కన కూర్చుని స్క్రీన్ వైపు చూస్తూ మాట్లాడితే ఒకరి మొహం ఒకరికి కనపడదు. ఇంట్లో చెయ్యమన్న సాధన చెయ్యని వారాల్లో వెళ్ళడం దండగ. రోజూ పది నిమిషాలు, ఒకరు మాట్లాడితే రెండోవాళ్ళు ముందు విన్నది తిరిగి చెప్పాలి, తర్వాతే జవాబు. నేను మొదట్లో తన మాట తిరిగి చెబుతూనే "కానీ" అని అందుకునేవాణ్ణి. ఆ "కానీ" మానడానికే నెలలు పట్టింది.

ఇది అందరికీ కాదు. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే ఇద్దరూ కలిసి సెషన్‌కి వెళ్ళొద్దు. అక్కడ నిజం చెప్పినందుకు ఇంటికొచ్చాక దెబ్బలు తినాల్సి రావచ్చు. ముందు ఆ మనిషికి రక్షణ, విడిగా సాయం కావాలి. అలాగే అందరి కాపురాలూ నిలబడతాయని కూడా అనుకోకండి. అమెరికాలో ఆండ్రూ క్రిస్టెన్‌సెన్ బృందం, తీవ్రంగా దెబ్బతిన్న సంబంధాలున్న 134 జంటల్ని థెరపీ అయ్యాక అయిదేళ్ళు గమనించింది. సుమారు సగం మంది మొదటికంటే స్పష్టంగా మెరుగ్గా ఉన్నారు. నాలుగో వంతుకు పైగా విడిపోయారు. మేం అంత ముదరకముందే వెళ్ళుంటే బాగుండేదని నాకు అనిపిస్తూనే ఉంటుంది.

ఇప్పుడు మూడు నెలలకోసారి వెళ్తున్నాం. మొన్న నేను మళ్ళీ చెప్పకుండా ఆలస్యం చేశాను. తను "ఇన్నాళ్ళయినా నువ్వు మారవు" అనబోయి ఆగి, "ఎనిమిదింటి నుంచి భయపడుతూ కూర్చున్నాను" అంది. దానికి నా దగ్గర వాదన లేదు. పక్కన కూర్చున్నాను. వచ్చే సెషన్‌లో ఈ ఆలస్యం గురించి నేనే మొదలుపెడతానని చెప్పాను.