బ్లాక్‌హోల్ చుట్టూ కక్ష్య: బిందువు లెక్క చాలా, స్పిన్ కూడా వేయాలా?

బెంగళూరులో ఫిజిక్స్ ఎమ్మెస్సీ చేసే మన తెలుగు పిల్లలకు ప్రాజెక్టు మొదట్లోనే ఎదురయ్యే ప్రశ్న ఇది: తిరిగే వస్తువును పరిమాణం లేని బిందువుగా అనుకుంటే చాలా, దాని స్పిన్ (తన చుట్టూ తాను తిరగడం) కూడా లెక్కలో వేయాలా? బ్లాక్‌హోల్ కంపనాల మీద 1970లోనే పనిచేసిన శాస్త్రవేత్త సి.వి. విశ్వేశ్వర నివసించిన ఊళ్లో ఈ ప్రశ్న రావడం సహజమే.

బిందువు లెక్క సులువు. వస్తువు జియోడెసిక్ వెంట, అంటే వంగిన స్థలకాలంలో స్వేచ్ఛగా పడే వస్తువు పట్టే దారి వెంట పోతుంది, దాని బరువుతో కూడా పని లేదు. పాలపుంత నడుమ సుమారు 43 లక్షల సూర్యుల బరువున్న బ్లాక్‌హోల్‌ను ఎస్2 నక్షత్రం 16 ఏళ్లకోసారి చుట్టివస్తుంది. 2018లో బాగా దగ్గరికొచ్చినప్పుడు కూడా భూమికీ సూర్యుడికీ మధ్య దూరానికి 120 రెట్ల దూరంలోనే ఉంది. సూర్యుడిలాంటి నక్షత్రం చీలిపోవాలంటే ఒక్క రెట్టు కంటే లోపలికి పోవాలి. కాబట్టి ఎస్2కు బిందువే మేలు, అనుమానం లేదు.

పెద్ద బ్లాక్‌హోల్‌ చుట్టూ చిన్న బ్లాక్‌హోల్ తిరిగే చోట మాత్రం నేను స్పిన్ వైపే ఉంటాను. తన చుట్టూ తాను తిరిగే వస్తువును స్థలకాలపు వంపు కొద్దిగా పక్కకు నెడుతుంది, దారి జియోడెసిక్ నుంచి తప్పుతుంది. 1937లో మాథిసన్, 1951లో పాపపెట్రూ రాసిన సమీకరణాలు చెప్పేది ఇదే. 10 లక్షల సూర్యుల బరువు చుట్టూ 10 సూర్యుల బరువు తిరిగితే ఆ నెట్టుడు దాదాపు లక్షలో వంతు. అంతేనా అని వదిలేయకండి. లోపల పడేలోపు అది లక్ష చుట్ల దాకా తిరుగుతుంది, తేడా పేరుకుని ఒక రేడియన్ స్థాయికి చేరగలదు. అలా తిరిగేటప్పుడు గురుత్వ తరంగాలు వెలువడతాయి; 2030లలో అంతరిక్షంలోకి పంపబోయే లీసా అనే పరికరం ఇలాంటి తరంగాల కోసం కూడా చెవి పెడుతుంది. స్పిన్ వల్ల వచ్చే ఆకారపు ఉబ్బు మాత్రం ఆ లక్షలో వంతుకు వర్గం, ఇక్కడ వదిలేయొచ్చు.

న్యూట్రాన్ నక్షత్రాల జంటలో బరువులు దగ్గర దగ్గరగా ఉంటాయి, అక్కడ ఒకదాని లాగుడుకు మరొకటి సాగే ఉబ్బును కూడా పట్టించుకోవాలి. 2017 ఆగస్టు 17న అలాంటి ఒక జంట నుంచి అందిన గురుత్వ తరంగాల వల్ల ఆ నక్షత్రాలు ఎంత సాగగలవో పరిమితి తేలింది.

స్పిన్ తీసుకుంటే ఒక చిక్కుంది: వస్తువులో ఏ బిందువును కేంద్రంగా పట్టాలో మనమే ఒక షరతు పెట్టాలి, లేకపోతే సమీకరణాలు చాలవు. చేతిలో ఒక్క సెమిస్టరే ఉంటే బ్లాక్‌హోల్ మధ్యరేఖ తలంలోని కక్ష్య, దానికి నిలువుగా ఉన్న స్పిన్ తీసుకోండి. శక్తి, కోణీయ ద్రవ్యవేగం మారవు కాబట్టి కాగితం మీదే చాలా దూరం వెళ్లొచ్చు.