లినక్స్ లాగిన్ స్క్రీన్ దగ్గరే ఆగిపోతే: టెక్స్ట్ కన్సోలా, రికవరీ మోడా, లైవ్ పెన్‌డ్రైవా? ఏది మేలు?

పాస్‌వర్డ్ కొడతాం. స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడి, మళ్లీ అదే లాగిన్ స్క్రీన్ వచ్చి నిలబడుతుంది. ఎన్నిసార్లు కొట్టినా అంతే. ఉబుంటు, మింట్ లాంటి లినక్స్ రకాలు వాడేవాళ్లు ఈ అవస్థ చెప్పుకుంటే చుట్టుపక్కల నుంచి వచ్చే సలహా దాదాపు ఒకటే: "ఫార్మాట్ కొట్టి మళ్లీ ఎక్కించెయ్." ఆ సలహా వినొద్దనే నా మాట. ఫార్మాట్ దాకా వెళ్లకుండా మూడు దారులున్నాయి. వాటిలో మొదట పట్టాల్సింది టెక్స్ట్ కన్సోల్ (బొమ్మలు లేకుండా అక్షరాలతోనే పనిచేసే తెర) అని నా గట్టి అభిప్రాయం.

ముందు స్క్రీన్ ఏమంటోందో చూడండి. పాస్‌వర్డ్ తప్పయితే తప్పని చెబుతుంది. ఏమీ అనకుండా వెనక్కి తిప్పి పంపిందంటే పాస్‌వర్డ్ సరిపోయినట్టే. ఆ తర్వాత డెస్క్‌టాప్ మొదలవడంలో ఎక్కడో తేడా వచ్చింది. తప్పని చెబితే క్యాప్స్ లాక్‌తో పాటు కీబోర్డ్ లేఅవుట్ కూడా చూసుకోవాలి. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ పెట్టుకున్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. పాస్‌వర్డ్ పెట్టెలో కనిపించేవి చుక్కలే కాబట్టి, అక్షరాలు ఏ లిపిలో పడుతున్నాయో తెలియదు. ఆర్చ్ లినక్స్‌లో అయితే వరుసగా 3 సార్లు తప్పు కొడితే ఖాతాకు 10 నిమిషాలు తాళం పడుతుంది. ఆ సమయంలో సరైన పాస్‌వర్డ్ కొట్టినా లోపలికి పోనివ్వదు.

ఇంకో చిన్న పని కూడా ఇక్కడే చేసి చూడొచ్చు. ఉబుంటు 24.04లో పేరు మీద నొక్కాక మూలన పళ్లచక్రం గుర్తు కనిపిస్తుంది. తెర మీద డెస్క్‌టాప్‌ను గీసే కొత్త పద్ధతి వేలాండ్ బదులు అక్కడ పాత పద్ధతి ఎక్సార్గ్ ఎంచుకుని చూడండి. దాంతో లోపలికి వెళ్లగలిగితే తేడా మీ ఖాతాలో కాదు, గ్రాఫిక్స్ వైపు ఉందని అనుకోవచ్చు. ఉబుంటు 25.10లో దాని డెస్క్‌టాప్ అయిన గ్నోమ్‌కు ఎక్సార్గ్ సెషన్ తీసేశారు కాబట్టి అక్కడ ఈ వీలు లేదు.

ఇక టెక్స్ట్ కన్సోల్. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కాలి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కూడా పట్టుకోవాలి. నల్లటి తెర మీద యూజర్‌నేమ్ అడుగుతుంది. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు అక్కడ చుక్కలు కూడా పడవు. కీబోర్డ్ పనిచేయడం లేదని కొత్తవాళ్లు వెనక్కి వచ్చేసేది ఇక్కడే. కంగారు పడకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. లోపలికి వెళ్లగలిగితే మీ ఖాతా, పాస్‌వర్డ్, డిస్క్ పలుకుతున్నట్టే. సగం అనుమానాలు అక్కడికక్కడే తీరిపోతాయి. మిగతా రెండు దారులూ ఈ సంగతి ఇంత సూటిగా చెప్పలేవు. నేను దీన్నే ముందు పెట్టడానికి కారణం అదే.

లోపలికి వెళ్లాక డీఎఫ్, ఒక ఖాళీ, హైఫన్ హెచ్ అని కొట్టి డిస్క్ నిండిందేమో చూడండి. డెస్క్‌టాప్ మొదలవాలంటే ఏవో కొన్ని ఫైళ్లు రాసుకోవాలి. చోటు లేకపోతే అది కూలిపోతుంది. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ మామూలుగా 5 శాతం చోటును రూట్ (సర్వాధికారాలున్న ఖాతా) కోసం అట్టిపెడుతుంది కాబట్టి, డిస్క్ నిండినా సుడోతో, అంటే రూట్ అధికారంతో కమాండ్ నడిపి, శుభ్రం చేసుకునే వీలు మిగులుతుంది. మింట్‌లో టైమ్‌షిఫ్ట్ తీసే స్నాప్‌షాట్లు (సిస్టమ్ పాత స్థితి కాపీలు) అదే పార్టిషన్‌లో పేరుకుపోయి ఉండొచ్చు, పాతవి తీసేయండి. చోటు ఉంటే హోమ్ ఫోల్డర్‌లో ఫైళ్లు ఎవరి పేరు మీద ఉన్నాయో చూడాలి. గ్రాఫికల్ ప్రోగ్రాములను సుడోతో నడిపితే కొన్ని ఫైళ్లు రూట్ పేరు మీదికి వెళ్లిపోతాయి. లాగిన్ స్క్రీన్ చూపడానికి లైట్‌డీఎం వాడే మింట్, జుబుంటుల్లో డాట్ ఎక్స్‌అథారిటీ అనే దాగి ఉన్న ఫైలుకు ఇలా జరిగితే లాగిన్ గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. దాని పేరు మార్చేస్తే చాలు, వచ్చే లాగిన్‌లో కొత్తది దానంతటదే పుడుతుంది. తాత్కాలిక ఫైళ్లు ఉండే టెంప్ (టీఎంపీ) ఫోల్డర్ అనుమతులు 1777 ఉన్నాయో లేదో కూడా చూడండి.

ఇవేవీ కాకపోతే అక్కడే ఒక కొత్త యూజర్‌ను సృష్టించి, వెనక్కి వచ్చి ఆ పేరుతో లాగిన్ అవండి. కొత్త యూజర్‌కు డెస్క్‌టాప్ వస్తే తప్పు మీ హోమ్ ఫోల్డర్‌లోనే ఉంది. రాకపోతే సిస్టమ్ మొత్తానిది. ఇంతకంటే తేటగా తేల్చే పరీక్ష నాకు తెలియదు.

కన్సోల్‌కు ఒక లోటు ఉంది. సిస్టమ్ భాష తెలుగు పెట్టుకున్నవాళ్లకు అక్కడి సందేశాలు ఏమీ చదవలేని గుర్తులుగా కనిపిస్తాయి. లినక్స్ కన్సోల్‌కు తెలుగు లిపి చూపించే శక్తి లేదు. కమాండ్ ముందు లాంగ్ ఈక్వల్స్ సీ అని పెట్టండి, లాంగ్, సీ రెండూ పెద్ద అక్షరాల్లోనే ఉండాలి. సందేశాలు ఇంగ్లిష్‌లో వస్తాయి.

రికవరీ మోడ్ ఎప్పుడు? కన్సోల్ కూడా రాకుండా తెర నల్లగా ఉండిపోయినప్పుడు, లేదా పాస్‌వర్డ్ నిజంగానే మరిచిపోయినప్పుడు. కంప్యూటర్ ఆన్ కాగానే ఎస్కేప్ నొక్కితే, పాత బయోస్ మెషీన్లలో షిఫ్ట్ పట్టుకుంటే, గ్రబ్ (సిస్టమ్‌ను బూట్ చేసే ప్రోగ్రాం) మెనూ వస్తుంది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్. అసలు అక్కడ రికవరీ కంటే ముందు వాడాల్సింది పాత కెర్నెల్ (లినక్స్‌కు గుండెకాయ లాంటి భాగం). అప్‌డేట్ తర్వాత ఎన్‌విడియా డ్రైవర్ కొత్త కెర్నెల్‌కు కుదరకపోతే, పాతదానితో బూట్ చేయగానే డెస్క్‌టాప్ వచ్చేస్తుంది. డ్రైవర్ సంగతి ఆ తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. రికవరీలో రూట్ షెల్ (రూట్‌గా కమాండ్లు కొట్టే చోటు) తెరిస్తే చాలాసార్లు డిస్క్ చదవడానికి మాత్రమే మౌంట్ అయి ఉంటుంది. రాయడానికి వీలుగా రీమౌంట్ చేసుకోనిదే పాస్‌వర్డ్ మారదు. మార్చాక కూడా గ్నోమ్ కీరింగ్‌కు (పాస్‌వర్డులు దాచే పెట్టెకు) పాత పాస్‌వర్డే ఉంటుంది. అందులో దాచినవి అది గుర్తొస్తేనే తెరుచుకుంటాయి. అందుకే పాస్‌వర్డ్ మార్చడాన్ని మొదటి మందుగా వాడకండి. లాగిన్ తిరిగి తిరిగి వస్తున్నప్పుడు అది పనికిరాదు, పైగా ఈ కొత్త చిక్కు తెచ్చిపెడుతుంది.

లైవ్ పెన్‌డ్రైవ్‌తో (దాని నుంచే లినక్స్ నడుస్తుంది) బూట్ అయి, క్రూట్ చేసి (డిస్క్‌లోని సిస్టమ్ లోపలికి వెళ్లి) సిస్టమ్‌ను బాగుచేయొచ్చు, నిజమే. అలవాటు లేనివాళ్లకు మాత్రం అది అనవసరపు శ్రమ. గ్రబ్ మెనూ కూడా రానప్పుడు, లేదా కెర్నెల్ లాగ్‌లో డిస్క్ ఐ/ఓ ఎర్రర్లు కనిపిస్తున్నప్పుడు దాన్ని బయటికి తీయండి. డిస్కే పోతున్నప్పుడు దాని మీద మరమ్మతులు పెట్టుకోకుండా ఫైళ్లు బయటికి తెచ్చుకోవడమే పని. ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్క్ అయితే దాని పాస్‌ఫ్రేజ్ కావాలి. ఫైల్ మేనేజర్‌లో కంట్రోల్, హెచ్ నొక్కితే డాట్‌తో మొదలయ్యే ఫోల్డర్లు కనిపిస్తాయి. ఎస్ఎస్‌హెచ్ కీలు (వేరే కంప్యూటర్లలోకి లాగిన్ అయ్యే తాళంచెవులు), ప్రోగ్రాముల సెట్టింగులు వాటిలోనే ఉంటాయి. ఉబుంటులో స్నాప్ ప్యాకేజీగా వచ్చిన ఫైర్‌ఫాక్స్ పాస్‌వర్డులు మాత్రం స్నాప్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. ఇవన్నీ కాపీ అయ్యాక అప్పుడు ఫార్మాట్ కొట్టండి.