కత్తుల స్టాల్: గాజు పెట్టా, బల్ల మీద పరచడమా, వెనక చెక్కా? ఏది మేలు?

విశాఖలో మధురవాడ శిల్పారామంలో మేళా కావచ్చు, బీచ్ రోడ్డులో వీకెండ్ స్టాల్ కావచ్చు, ఏసీ హాల్లో ఎగ్జిబిషన్ కావచ్చు, చేత్తో చేసిన కత్తులు అమ్మేవాళ్ళు ధర కంటే ముందు తేల్చుకోవాల్సింది కత్తిని ఎక్కడ పెట్టాలనేది. చీరలైతే బల్ల మీద పరిచేస్తే సరిపోతుంది, ఎవరు తీసి చూసినా మడత నలుగుతుంది అంతే. కత్తి విషయం వేరు. చేతిలోకి తీసుకుంటే తప్ప ఎవరూ కొనరు, తీసుకున్నాక ఏ పిల్లాడి వేలు ఎటు పోతుందో అని మనకి టెన్షన్. మూడు పద్ధతుల్లోనూ అమ్మాను కాబట్టి నా ఓటు ముందే చెప్పేస్తున్నా: పదునైనవన్నీ మన వెనక నిలబెట్టిన చెక్కకి, ముందు బల్ల మీద పదును పెట్టని నమూనాలు.

గాజు పెట్టెతో మనసు నిమ్మళంగా ఉంటుంది, అది నిజమే. దొంగతనం భయం లేదు, పిల్లల భయం లేదు, సముద్రపు గాలి నేరుగా తగలదు. కానీ జనం మ్యూజియంలో చూసినట్టు చూసి, "బాగున్నాయండీ" అని పక్క స్టాల్‌కి వెళ్ళిపోతారు. చేత్తో చేసిన కత్తికి, బజార్లో దొరికే కత్తికి తేడా అంతా బరువు ఎక్కడ ఆగుతోంది, పిడి అరచేతిలో ఎలా కూర్చుంటోంది అన్న దాంట్లోనే ఉంది, గాజు అవతలి నుంచి అదేమీ తెలియదు. పైగా హాల్లో లైట్లన్నీ గాజు మీద మెరిసి, రోజుల తరబడి రుద్దిన ఉక్కు మీది చార కూడా కనపడదు. మూత గట్టిగా పడే పెట్టె అయితే లోపలికి వెళ్ళిన తేమ లోపలే ఉండిపోతుంది, సిలికా జెల్ పొట్లాలు పడేయక తప్పదు. ఖరీదైన డమాస్కస్ కత్తి (ఉక్కు పొరలు కలిపి కొట్టి, మీద చారలు తేలేలా చేసేది) ఒకటో రెండో ఉంటే, లేదా గుప్పిట్లో పెట్టేసుకుని పోగలిగినంత చిన్న మడత కత్తులు ఉంటే, వాటికి మాత్రం గాజు పెట్టె సరైనదే.

బల్ల మీద పరిస్తే బేరాలు బాగా సాగుతాయి, ఎవరూ కాదనరు. అయితే మన పక్క స్టాల్లో ఏముంటుందో గుర్తు పెట్టుకోవాలి. శిల్పారామంలో ఏటికొప్పాక లక్క బొమ్మలు ఉంటాయి, అంకుడు కర్రతో చేసిన ఆ బొంగరాలు, బండ్లు పట్టుకుని తిప్పి చూడమనే పెడతారు, అక్కడ అన్నీ ముట్టుకున్న పిల్లలు అదే చేత్తో మన బల్ల దగ్గరికి వస్తారు, బల్ల ఎత్తు సరిగ్గా వాళ్ళ ముఖం ఎత్తు. బీచ్ రోడ్డులో అయితే మధ్యాహ్నం దాటాక గాలి లేస్తుంది, బల్ల మీద గుడ్డకి నాలుగు వైపులా క్లిప్పులు పెట్టకపోతే గుడ్డతో పాటు అంచున ఉన్న కత్తి కూడా జారుతుంది. అది ఎవరి పాదం మీద పడుతుందో చెప్పలేం.

ఇంకా పెద్ద సమస్య తుప్పు. విశాఖలో ఏడాదిలో చాలా రోజులు గాలిలో తేమ 70 శాతం పైనే, దానికి ఉప్పు తోడు. మనలో చాలామంది లారీ కమాను పట్టీలతోనో, వేరే కార్బన్ ఉక్కుతోనో చేస్తాం, పదును బాగా పడుతుందని, సాన మీద తేలిగ్గా తిరిగి వస్తుందని. ఆ ఉక్కు మీద ఎవరైనా బొటనవేలు ఆనించి వదిలేస్తే, చెమటలో ఉప్పు అక్కడే ఉండి తేమని పట్టుకుంటుంది, సాయంత్రానికి ఆ వేలి గీతలు గీతలుగా నారింజ రంగు మచ్చ తేలుతుంది, గట్టిగా రుద్దితే తప్ప పోదు. తర్వాత వచ్చే మనిషి ముందు ఆ మచ్చే చూస్తాడు. స్టెయిన్‌లెస్ అయితే ఈ గొడవ తక్కువ, కాబట్టి బల్ల మీద పరచక తప్పని చోట ముందు వరసలో స్టెయిన్‌లెస్ పెట్టండి. తోలు ఒరలో పెట్టి భద్రం అనుకోకండి, తోలు తేమని పీల్చి కత్తికే అంటిస్తుంది. ఒర పక్కన పెట్టి, కత్తిని మినరల్ ఆయిల్ తడిపిన గుడ్డతో తుడుస్తూ ఉండాలి. కొబ్బరి నూనె కొన్నాళ్ళకి మక్కి వాసన వస్తుంది, వంటింటి కత్తికి అది పనికిరాదు.

ఇక వెనక చెక్క. నిలువుగా ఒక పలక, దానికి లోపల అయస్కాంతం దాచిన చెక్క పట్టీలు, కత్తులు ఆ పట్టీలకి అంటుకుని ఉంటాయి, ఉక్కు మీద గీత పడదు. రోడ్డు మీద నడిచేవాళ్ళకి దూరం నుంచే కనపడతాయి, గాజు మెరుపు లేదు, పిల్లల చెయ్యి అందదు. ముందు బల్ల మీద అంచు మొద్దుగా వదిలేసిన నమూనాలు, ఒక్కో రకం పిడికి ఒకటి. మనిషి దాన్ని పట్టుకుని, ఇంకో చేతికి మార్చుకుని, గాలిలో ఉల్లిపాయ తరిగినట్టు చేసి, అప్పుడు అడుగుతాడు "దీని అసలుది చూపించండి" అని. అలా అడిగినవాడు చాలావరకు కొంటాడు. అసలు కత్తిని చేతికి చెయ్యి ఇవ్వకండి, బల్ల మీద పిడి వాళ్ళ వైపు పెట్టి వదిలితే వాళ్ళే తీసుకుంటారు. కొందరు పెద్దవాళ్ళు కత్తిని చేతికి చెయ్యి ఎలాగూ అందుకోరు. ఇబ్బందల్లా ఒక మనిషి ఎప్పుడూ స్టాల్లో నిలబడే ఉండాలి, రద్దీలో ఒక్కరివల్ల కాదు, ఆ రోజు తోడుగా ఇంకొకరిని తెచ్చుకోవాల్సిందే.

పదును చూపించాలంటే కాగితం కోయకండి, పండిన టమాటా కోయండి. ఎంవీపీ కాలనీ రైతు బజార్‌కి వెళ్ళి వచ్చే అమ్మలకి కాగితంతో ఏం పని? వాళ్ళు అడిగేవి వేరు: పనసపొట్టు కొట్టడానికి ఆగుతుందా, వంజరం ముక్కలు కొట్టొచ్చా, వంకాయ నల్లబడుతుందా. చివరిదానికి నిజమే చెప్పండి, కొత్త కార్బన్ ఉక్కుతో కోస్తే వంకాయ, అరటికాయ నల్లబడతాయి, వాడగా వాడగా కత్తి మీద ముదురు పొర ఏర్పడ్డాక తగ్గుతుంది. కడిగి వెంటనే తుడవలేనన్న ఇంటికి స్టెయిన్‌లెసే ఇవ్వండి.

ఏ పద్ధతైనా బాకుల్లాంటివి వంటింటి కత్తుల పక్కన పెట్టకండి. 2016 ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న కత్తుల ప్రస్తావన ఆయుధాల కింద ఉంది, ఇంటికి, వ్యవసాయానికి, పరిశ్రమకి చేసినవాటికి మినహాయింపు ఉంది. మీ పనస కత్తి ఏ పనికి చేసిందో పక్కన చీటీ మీద రాసి పెట్టండి, నిర్వాహకులకి ముందే ఫొటోలు పంపి అనుమతి కాగితం మీద తీసుకోండి, గేటు దగ్గర వాదన ఉండదు.

అమ్మాక మాత్రం కవర్లో ఊరికే పడేసి ఇవ్వొద్దు. అంచుకి మందం అట్ట తొడిగి, టేపు చుట్టి, బిల్లుతో పాటు ఇవ్వండి, వాళ్ళు అక్కడి నుంచి సిటీ బస్సెక్కుతారు.