కియూసి, సార్తెయానో: ముందు సమాధులు బుక్ చేయండి, తర్వాతే హోటల్

ఇటలీలోని టస్కనీ దక్షిణ కొసన, మోంటెపుల్చానో ద్రాక్షతోటలకు దగ్గర్లోనే, గోడల మీద రంగులు ఇంకా నిలిచిన ఎట్రుస్కన్ (రోమన్ల కంటే ముందు ఇక్కడ వెలిగిన జాతి) సమాధులు ఉన్నాయి. వాటిలో కియూసిలోని కోతి సమాధి, సార్తెయానోలోని నరక రథం సమాధి తప్పక చూడాలి. రెండింటికీ ముందస్తు బుకింగ్ ఉండాలి, రెండూ రోజూ తెరవరు. సార్తెయానోది సాధారణంగా శనివారాల్లోనే చూపిస్తారు. ఆదివారం దిగి గురువారం వెళ్లిపోయే టూరు వేసుకున్నారంటే దాని మీద ఆశ వదులుకోవాల్సిందే. అందుకే ముందు ఈ రెండింటి సమయాలు ఖాయం చేసుకుని, గది, వైన్ సెల్లార్లు వాటి చుట్టూ సర్దుకోవాలి.

ఇంత కట్టడి ఎందుకంటే, మనుషుల ఊపిరితో లోపలి తేమ, వేడి మారి గోడల్లోంచి లవణాలు పైకి తేలుతాయి, రంగు పెచ్చులు ఊడుతుంది. రంగుల ఎట్రుస్కన్ సమాధులకు పేరున్న మరో ఊరు తర్కీనియాలో అందుకే అద్దం తలుపు బయటే నిలబెట్టి, బటన్ నొక్కితే వెలిగే దీపంలో చూడమంటారు. ఇక్కడ గోడకు మూరెడు దూరంలో నిలబడొచ్చు, కాకపోతే ఒక్కో జట్టులో కొద్దిమందినే పంపుతారు. నా లెక్కలో తర్కీనియా కంటే ఇదే మేలు.

కియూసిలో వరస తప్పకూడదు: ముందు జాతీయ ఎట్రుస్కన్ మ్యూజియం, తర్వాతే సమాధులు. సమాధుల్లోంచి తీసిన సామాను ఇక్కడే ఉంది కాబట్టి, ఖాళీ రాతి గది చూసినప్పుడు అక్కడ ఏముండేదో ఊహకు అందుతుంది. మనిషి తల ఆకారపు మూతలున్న అస్థికల కుండలు (క్రీ.పూ. 7, 6 శతాబ్దాలవి) ఈ ఊరి ప్రత్యేకత. కొన్నిటిని కుర్చీలో కూర్చోబెట్టారు కూడా. మట్టి పెట్టెల దగ్గర కాస్త ఆగండి. నాగలిని ఆయుధంలా తిప్పుతూ పోరాడే వీరుడి బొమ్మ ఒకే అచ్చులోంచి మళ్లీ మళ్లీ వచ్చింది. క్రీ.పూ. 2వ శతాబ్దానికి చావు సామాను కూడా రెడీమేడ్ అయిపోయిందన్నమాట. పెట్టె అంచున పేరు కుడి నుంచి ఎడమకు రాసి ఉంటుంది. చాలాసార్లు తండ్రి పేరుతో పాటు తల్లి పేరూ కనిపిస్తుంది.

సమాధులు ఊళ్లో లేవు, సరస్సు వైపు వెళ్లే దారిలో ఉన్నాయి. నడక కుదరదు, సొంత బండి కావాలి. కోతి సమాధి క్రీ.పూ. 480 ప్రాంతానిది, 1846లో బయటపడింది. నిటారుగా దిగే మెట్లున్నాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే ఆలోచించుకోండి. దిగాక మధ్య గది, దాని చుట్టూ మూడు గదులు. గొడుగు కింద కూర్చున్న ఒక స్త్రీ ముందు రథాల పందెం, కుస్తీ, ముష్టియుద్ధం జరుగుతుంటాయి. కోతి చాలా చిన్నది, చెట్టుకు కట్టేసి ఉంటుంది. అడగకపోతే చూడకుండానే వచ్చేస్తారు. పెల్లెగ్రీనా సమాధిలో చిత్రాలు లేవు గానీ రాతి పెట్టెలు లోపలే ఉంచారు, అదో వేరే అనుభవం. ఎండాకాలంలో కూడా లోపల చల్లగా, తేమగా ఉంటుంది. పల్చటి స్వెటర్, జారని బూట్లు తప్పనిసరి.

కియూసి కెథెడ్రల్ కింది సొరంగాలను "పోర్సెన్నా (కియూసి ఎట్రుస్కన్ రాజు) చిక్కుదారి" అని ఊరిస్తారు. నిజానికవి పాత నీటి కాలువలు, చివర రోమన్ కాలపు పెద్ద నీటి తొట్టి వస్తుంది. సమయం మిగిలితేనే.

సార్తెయానో సమాధి 2003లో దొరికింది, క్రీ.పూ. 4వ శతాబ్దం ద్వితీయార్ధానిది. ఎర్రజుట్టు దెయ్యం రెండు సింహాలు, రెండు గ్రిఫిన్లు (గద్ద తల, సింహం ఒళ్లున్న కల్పిత జంతువులు) కట్టిన రథాన్ని తోలుతుంటుంది. ఆ ఎరుపు ఇప్పటికీ వెలవెలబోలేదు. ఇంకా లోపలికి పోతే మూడు తలల పాము, విందు మంచం మీద ఇద్దరు మగవాళ్లు. బుకింగ్ దొరక్కపోతే ఊళ్లోని పురావస్తు మ్యూజియంలో నకలు చూసి సరిపెట్టుకోవచ్చు.

సోమవారం చాలా మ్యూజియాలకు సెలవు. ఆ రోజు మోంటెపుల్చానో సెల్లార్లకు పెట్టుకోండి. కొండ కింద పార్కింగ్‌లో బండి వదిలి ఎక్కాలి. కొన్ని సెల్లార్లు ఎట్రుస్కన్ల నాటి గుహల దాకా దిగుతాయి. ఇక్కడి నోబిలె వైన్‌లో కనీసం 70 శాతం సాంజొవేజె ద్రాక్ష ఉండాలి, రెండేళ్లు నిల్వ చేయాలి. తక్కువ ధరలో కావాలంటే ఇక్కడి మామూలు ఎర్ర వైన్ రోస్సో అడగండి. "మోంటెపుల్చానో దాబ్రుజ్జో" అని సీసా మీద ఉంటే అది వేరే ప్రాంతం, వేరే ద్రాక్ష. రుచి చూశాక స్టీరింగ్ పట్టేవాళ్లు ఒకరు ఒట్టి నీళ్లతో ఉండాలి: రక్తంలో ఆల్కహాల్ పరిమితి లీటరుకు 0.5 గ్రాములు, లైసెన్సు వచ్చి మూడేళ్లు కానివాళ్లకు సున్నా.

కారు లేకుండా ఈ చుట్టు కష్టం. బస్సులున్నాయి గానీ ఆదివారం నమ్ముకోలేం. భారతీయ లైసెన్సుతో పాటు ఆర్టీఓ ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ తీసుకెళ్లండి. ఆటోమేటిక్ కార్లు తక్కువ, ముందే చెప్పుకోవాలి. పాత ఊళ్ల గుమ్మాల దగ్గర జడ్‌టీఎల్ (బయటి బండ్లకు ప్రవేశం లేని ప్రాంతం) బోర్డు దాటితే కెమెరా పట్టేస్తుంది. జరిమానా, దానిపైన అద్దె కంపెనీ సర్వీస్ చార్జీ నెలల తర్వాత ఇంటికి చేరతాయి. కారు వద్దనుకుంటే రైల్లో ఓర్వియేతో వెళ్లి, స్టేషన్ ఎదుటి ఫ్యూనిక్యులర్‌లో (తాడుతో లాగే కొండ రైలు) ఊళ్లోకి ఎక్కొచ్చు. అక్కడ రాతిగదుల వీధులున్న క్రోచిఫిస్సో దెల్ తూఫో అనే ఎట్రుస్కన్ శ్మశానం బాగుంటుంది.

బసకు కియాంచానో తెర్మె చవక; స్నానాల ఊరు కావడంతో హోటళ్లు ఎక్కువ, అందం తక్కువ. తోటల మధ్య ఆగ్రితూరిజ్మో (పొలంలో బస) అందంగా ఉంటుంది గానీ మట్టి రోడ్లు, జులై, ఆగస్టుల్లో వారానికి తగ్గకుండా బుకింగ్, చలికాలంలో హీటింగ్‌కు వేరే డబ్బు. ఊరి పన్ను మనిషికి, రాత్రికి ఇంతని విడిగా కట్టాలి. శాకాహారులకు పీచి అల్ ఆల్యోనె దిక్కు: చేత్తో పేనిన లావుపాటి నూడుల్స్, టమాటా, పెద్ద వెల్లుల్లి. పెకొరీనో (గొర్రె పాల) జున్నులో సాధారణంగా జంతు రెన్నెట్ (పాలు విరిచేందుకు దూడ, గొర్రెపిల్లల కడుపులోంచి తీసే పదార్థం) ఉంటుంది, పట్టింపు ఉంటే వేయొద్దని చెప్పండి. మధ్యాహ్నం రెండున్నర దాటితే వంటిళ్లు మూసేసి రాత్రి ఏడున్నరకు గానీ తెరవరు.

ఇంటికి తెచ్చుకునే సీసాలు మనిషికి రెండే అనుకోండి. సుంకం లేకుండా భారత్‌లోకి రెండు లీటర్లే అనుమతి, 750 మిల్లీలీటర్ల మూడో సీసాతో ఆ లెక్క దాటిపోతుంది.