మాడ్ ఆర్గనైజర్ 2 వాడబట్టి ఏడాది

హన్మకొండలో ఉండే మా చిన్నాయన కొడుకు మొన్న కొత్త పీసీ తీసుకున్నాడు. మొదటి ఫోన్ నాకే: "అన్నా, స్కైరిమ్‌కు మాడ్స్ ఎట్ల పెట్టాలె?" (స్కైరిమ్ ఒక కంప్యూటర్ గేమ్, మాడ్స్ అంటే దాన్ని మార్చడానికి ఆటగాళ్లు చేసి పెట్టే అదనపు ఫైళ్లు.) ఎట్లా పెట్టాలో కాదురా, ఎట్లా తీయాలో అడుగు అన్నాను.

ఎందుకంటే నేను మొదట్లో జిప్ విప్పి ఫైళ్లన్నీ నేరుగా గేమ్ డేటా ఫోల్డర్‌లో పడేసేవాణ్ణి. నలభై దాకా వేశాక ఒకరోజు గేమ్‌లోని వైట్‌రన్ అనే ఊరి గేటు దాటగానే క్రాష్, మళ్లీ ఆడితే మళ్లీ అక్కడే. ఏ ఫైలు ఏ మాడ్‌దో, ఏది దేని మీద పడి దాన్ని చెరిపేసిందో తెలిస్తే కదా తీయడానికి! గేమ్ మొత్తం పీకేసి మళ్లీ దించుకున్నాను, కాజీపేటలో మా ఇంటి నెట్‌కి అది ఒక రాత్రి పని, మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది.

ఆ తర్వాతే మాడ్లను చూసుకునే మాడ్ ఆర్గనైజర్ 2 (ఎంఓ2) అనే ప్రోగ్రామ్‌కు మారాను. అది అసలు ఆ డేటా ఫోల్డర్ జోలికే పోదు. ఒక్కో మాడ్‌ను విడి ఫోల్డర్‌లో ఉంచి, గేమ్ నడిచినంతసేపు అన్నీ డేటాలోనే ఉన్నట్టు దాన్ని నమ్మిస్తుంది. టిక్ తీస్తే ఆ మాడ్ లేనట్టే. ఒకే ఫైలు కోసం రెండు మాడ్లు కొట్టుకుంటే పక్కన మెరుపు గుర్తు వస్తుంది, ఎడమ జాబితాలో కింద ఉన్నదే గెలుస్తుంది. ఇప్పుడు క్రాష్ అయితే వేరే ప్రొఫైల్‌లో (అంటే విడి టిక్కుల జాబితాలో) కొత్త గేమ్ మొదలుపెట్టి సగం టిక్కులు తీసి చూస్తాను, తర్వాత అందులో సగం, అట్లా దొంగ దొరికేస్తాడు. స్క్రిప్టులు (గేమ్ లోపల నడిచే చిన్న ప్రోగ్రాములు) ఉన్న మాడ్‌ను మాత్రం ఆడుతున్న సేవ్ మధ్యలో తీయొద్దు, అది ఏ మేనేజర్ చేతిలోనూ లేదు.

చిరాకులూ ఉన్నాయి. గేమ్‌ను ఎంఓ2 లోంచే తెరవాలి, అలవాటులో గేమ్ కొన్న స్టీమ్ యాప్ నుంచి తెరిచి మాడ్లు ఏమైపోయాయని గంటసేపు టెన్షన్ పడ్డాను. చాలా మాడ్లకు అవసరమయ్యే ఎస్‌కేఎస్ఈ అనే అదనపు ప్రోగ్రామ్ గేమ్ వెర్షన్‌కు సరిపోయేదే కావాలి, అందుకే స్టీమ్‌లో ఆటో అప్‌డేట్ ఆపి పెట్టుకున్నా.

వోర్టెక్స్ అనే ఇంకో మాడ్ మేనేజర్ కూడా ఫ్రీయే, చాలా గేములకు పనికొస్తుంది, మొదటిసారి వాడేవాళ్లకు అదే తేలిక. కాకపోతే మామూలుగా హార్డ్ లింకులతో (ఒకే ఫైలు రెండు చోట్ల కనిపించేట్టు చేసే పద్ధతి) పని చేస్తుంది కాబట్టి మాడ్లు దాచే ఫోల్డర్ గేమ్ ఉన్న డ్రైవ్‌లోనే ఉండాలి. మా వాడికి ఐదారు మాడ్లు చాలట, వోర్టెక్సే పెట్టిచ్చాను. నిన్న మళ్లీ ఫోన్ చేశాడు, అప్పుడే ముప్పై రెండు అయ్యాయట.